ఏడూ పదికి గుడ్‌నైట్

గురువారం సాయంత్రం ఆరింటికి ఇన్‌స్పెక్టర్ వెర్లిన్ టాపిన్ జీపు పెలికన్ కోవ్ రిసార్టు గేటు దాటింది. పొద్దున్న ఆరున్నర ఓడకి ఇంకా పన్నెండున్నర గంటలుంది. ఆ ఓడలో కర్టిస్ మెల్విల్ అనే పడవవాణ్ణి బేడీలు వేసి టొబాగో ద్వీపం నుంచి పక్క ద్వీపం ట్రినిడాడ్‌లోని పెద్ద జైలుకి పంపాలి. అక్కడికి చేరిన మనిషి కేసు కోర్టుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. పంపమని సంతకం చేయాల్సింది వెర్లినే. రిసార్టు అతిథిని చంపాడని సోమవారం అతన్ని అరెస్టు చేసింది కూడా ఆమే.

కాగితం సంచిలో ఉంది. పొద్దుటినుంచి మూడుసార్లు పెన్ను మూత తీసింది, మూడుసార్లు పెట్టేసింది. స్టేషను బెంచీ మీద కర్టిస్ భార్య జోస్లిన్ నాలుగు రోజులుగా కూర్చుంటోంది. నెలలు నిండిన మనిషి. ఏడవదు, ఎవర్నీ ఒక్క మాట అనదు. పీతల కూరా పిండి ముద్దలూ డబ్బాలో పెట్టి తెచ్చి, ఖాళీ డబ్బా తిరిగొచ్చేదాకా ఉండి వెళ్ళిపోతుంది. నాలుగు తిట్టినా బాగుండేదని వెర్లిన్‌కి అనిపించింది.

"సంతకం అయిందా, ఇన్‌స్పెక్టర్?"

రిసెప్షన్ బల్లకి ఆనుకుని నిలబడ్డవాడు క్రాడక్. రిసార్టు సెక్యూరిటీ అధికారి. లండన్ పోలీసుల్లో ఇరవై ఆరేళ్ళు చేసి, రిటైరై, ఆరేళ్ళ కిందట ఈ ద్వీపానికొచ్చి ఎండకి ఎర్రబడ్డాడు. వెర్లిన్ పై అధికారి అతన్ని సర్ అని పిలుస్తాడు. వెర్లిన్ పిలవదు. వాళ్ళిద్దరికీ పడకపోవడానికి అంతకుమించిన కారణం అక్కర్లేదు.

"ఇంకా లేదు. మిసెస్ ఆష్‌వర్త్‌తో ఒకసారి మాట్లాడాలి."

"దేనికి? ఆవిడ వాంగ్మూలం ఆదివారమే తీసుకున్నాను. టైపు చేయించి, సంతకం పెట్టించి మరీ మీ చేతికిచ్చాను. చదవడానికి ఓపిక లేకపోతే చెప్పండి, నేనే వినిపిస్తా."

"వినిపించండి. మీ గొంతులో ఇంకా బాగుంటుంది."

క్రాడక్ వెటకారాన్ని పట్టించుకోకుండా వేళ్ళు మడిచాడు. "ఆదివారం ఆరున్నర. ముసలి వెయిటరు లెనాక్స్ క్వాషీ ఏడో నంబరు కాటేజీకి రమ్ పంచ్ తీసుకెళ్ళాడు. డెరిక్ ఆష్‌వర్త్ వరండాలో ఉన్నాడు. ఏడూ పది. స్నానాలగదిలో ఉన్న భార్యకి లెనాక్స్ గొంతు వినిపించింది. 'గుడ్‌నైట్, మిస్టర్ ఆష్‌వర్త్' అని చెప్పి వెళ్ళిపోయాడు. సరిగ్గా అప్పుడే బీచిలో స్టీల్ డ్రమ్ముల బ్యాండు మొదలైంది. ఆ రోజు బ్యాండువాళ్ళు పది నిమిషాలు ఆలస్యం, కాబట్టి టైములో తేడా లేదు. ఏడూ పదికి డెరిక్ బతికే ఉన్నాడు. ఏడూ ఇరవై ఐదుకి కర్టిస్ భుజాన తెడ్డుతో ఆ కాటేజీ వెనక దారిలో పోవడం తోటమాలి చూశాడు. ఏడూ నలభైకి ఆవిడ బయటికొస్తే భర్త మెట్ల కింద తల పగిలి పడున్నాడు. పొద్దుటి గొడవ సరేసరి. డెరిక్ పగడపు దిబ్బ మీద ముక్క విరిచి జేబులో వేసుకున్నాడని కర్టిస్ పడవలో నలుగురి ముందూ అతని చొక్కా పట్టుకున్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"నలభై నిమిషాలు కావాలి."

"ఏ నలభై నిమిషాలు?"

"ఆరున్నరకి పంచ్ ఇచ్చిన వెయిటరు ఏడూ పది దాకా అక్కడేం చేశాడు?"

"ఆయన చేతుల సంగతి మీకు తెలీదా? గ్లాసు బల్ల మీద పెట్టడానికే పావుగంట పడుతుంది" అని క్రాడక్ నవ్వాడు.

వెర్లిన్ నవ్వలేదు. లెనాక్స్ చేతుల సంగతి ఆమెకి అందరికన్నా బాగా తెలుసు. బాప్తిస్మం నాడు ఆమెను నీళ్ళ దగ్గరికి ఎత్తుకెళ్ళినవి ఆ చేతులే. తండ్రి లేని పిల్లని పన్నెండేళ్ళు సైకిలు మీద బడికి దింపినవీ ఆ చేతులే. అందుకే సోమవారం ఆమె లెనాక్స్‌ని స్వయంగా ప్రశ్నించలేదు. దగ్గరివాళ్ళని ప్రశ్నించడం పద్ధతి కాదని చెప్పి ఒక కానిస్టేబుల్‌ని పంపింది. ఆ కానిస్టేబుల్ రాసుకొచ్చింది ఒక ప్రశ్న, ఒక జవాబు. ఏడూ పదికి నువ్వు ఆయనకి గుడ్‌నైట్ చెప్పావా? చెప్పాను. ఆ రెండు ముక్కలూ చదివి వెర్లిన్ హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ హాయి ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేసింది.

*

హిలరీ ఆష్‌వర్త్‌ని పన్నెండో నంబరు కాటేజీకి మార్చారు. వెర్లిన్ అక్కడికి చేరేసరికి పొద్దు గుంకి, దారి దీపాలు వెలిగాయి. తలుపు తీసే ఉంది. మంచం మీద తెరిచిన పెట్టె, పక్కన మడతపెట్టిన మగవాళ్ళ చొక్కాలు, వాటి పక్కన ఆవిడ.

వెర్లిన్ గుమ్మంలో ఆగి, టోపీ తీసి, పద్ధతి ప్రకారం పలకరించింది.

"గుడ్‌నైట్, మిసెస్ ఆష్‌వర్త్."

హిలరీ తలెత్తింది. ఆవిడ మొహంలో నిజమైన ఆశ్చర్యం కనబడింది.

"అప్పుడే వెళ్ళిపోతున్నారా? ఇప్పుడే కదా వచ్చారు!"

వెర్లిన్ కాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

టొబాగోలో చీకటి పడ్డాక ఎవరి గడపలో నిలబడ్డా మొదట అనాల్సిన మాట గుడ్‌నైట్. కొట్టుకెళ్ళినా అంతే, బస్సెక్కినా అంతే, చావు ఇంటికెళ్ళినా అంతే. అనకుండా లోపలికొచ్చినవాణ్ణి పెంపకం లేనివాడంటారు. తిరిగి వెళ్ళేటప్పుడు సరే మరి అంటారు. నలభై తొమ్మిదేళ్ళుగా వెర్లిన్ ఈ మాటని వచ్చినప్పుడే వాడింది. ఏ తెల్లాయనో టైపు చేసిన కాగితం మీద అదే మాట కనబడేసరికి మాత్రం తెల్లాయన అర్థంలోనే చదివేసింది. పొరపాటున చదవలేదు. అలా చదివితే లెనాక్స్ అనుమానంలోంచి బయటపడతాడు కాబట్టి చదివింది.

"ఏమైంది? మీ ఒంట్లో బాగానే ఉందా?" అని హిలరీ లేచి కుర్చీ లాగింది.

"బాగానే ఉంది. కూర్చోండి. ఆదివారం లెనాక్స్ గొంతు వినబడక ముందు వరండాలో మాటలేమైనా విన్నారా?"

"లేదు. నేను టబ్బులో దిగింది పావు తక్కువ ఏడుకి. అప్పటినుంచీ డెరిక్ ఒక్కడే ఈల వేసుకుంటున్నాడు. తర్వాత గుడ్‌నైట్ అని వినబడింది. ఆ తర్వాత బ్యాండు. ఇంక చెవులు పనిచేస్తే ఒట్టు."

"మరి ఆరున్నరకి పంచ్ తెచ్చినప్పుడు?"

"అప్పుడు నేనూ వరండాలోనే ఉన్నా కదా. గుడ్ ఈవెనింగ్ సర్, గుడ్ ఈవెనింగ్ మేడమ్ అన్నాడు. రోజూ అదే. గ్లాసులు పెట్టి, పైన జాజికాయ గీరి వెళ్ళిపోయాడు."

"వెళ్ళిపోయాడా?"

"ఆ. అందుకే మళ్ళీ గొంతు వినగానే గ్లాసులకొచ్చాడనుకున్నా. తీసుకుని, చెప్పి వెళ్తున్నాడనుకున్నా."

"ఈ సంగతి క్రాడక్‌కి చెప్పారా?"

హిలరీ ఒక చొక్కా తీసి, మళ్ళీ మడతపెట్టింది. "చెప్పాననే అనుకుంటున్నా. 'గుడ్‌నైట్ అన్నాడంటే వెళ్ళిపోయాడన్నమాట' అన్నాడాయన. అవునన్నాను. ఆ పూట ఎవరేం అడిగినా అవుననేదాన్ని. ఎందుకూ? అదేమైనా ముఖ్యమా?"

వెర్లిన్ అడగడానికి భయపడుతున్న ప్రశ్న అడిగింది.

"లెనాక్స్‌కీ మీ వారికీ మధ్య ఏమైనా జరిగిందా?"

"ఏం జరుగుతుంది? డెరిక్‌కి ఆ మనిషి పేరు కూడా తెలీదు." హిలరీ అక్కడితో ఆగిపోయింది. చేతిలో చొక్కా ఒళ్ళోకి జారింది. "ఒక కార్డు రాశాడు."

"ఏ కార్డు?"

"పడకల పక్కన పెడతారే, సేవలు ఎలా ఉన్నాయో రాయమని. శనివారం రాశాడు. 'వెయిటరు చేతులు వణుకుతున్నాయి. సెలవులో చూడదగ్గ దృశ్యం కాదు.' రాసి తనే నవ్వుకున్నాడు. ఆ ముసలాయన మీద కోపమేం లేదండీ. డెరిక్ ఎక్కడికెళ్ళినా కార్డులు నింపుతాడు, అదో సరదా. వద్దన్నాను. నీకెందుకు అన్నాడు. సెలవు పాడుచేసుకోవడం దేనికని ఊరుకున్నా."

ఆవిడ ఆ చొక్కా తీసి పెట్టెలో పెట్టింది.

"ఊరుకోవడం కూడా కాదు. భోజనానికి వెళ్తూ దాన్ని రిసార్టువాళ్ళ కార్డుల పెట్టెలో వేసింది నేనే. పిల్లలు పుట్టాక మేమిద్దరమే కలిసి వచ్చిన మొదటి సెలవు ఇది. తొమ్మిది రోజులు పక్కపక్క కుర్చీల్లో పడుకున్నాం. ఒక్క గొడవ లేదు. ఎంత హాయిగా ఉందో అనుకున్నా. గొడవ లేదంటే మాటే లేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఒక్క కార్డు గురించి గట్టిగా పోట్లాడి ఉండాల్సింది."

ఊరుకోవడమనే ఒకే తప్పు ఆవిడా తనూ చేశారని వెర్లిన్‌కి అనిపించింది. లేచి, మాట వెతుక్కుని, "సరే మరి" అని బయటికొచ్చింది.

*

ఏడో నంబరు కాటేజీ తాళం చెవి వెర్లిన్ దగ్గరే ఉంది. వరండా దీపం వేసి చూసింది. సోమవారం చూసినవే అన్నీ. అప్పుడు చూసింది కర్టిస్ కోసం. ఇప్పుడు వేరే మనిషి కోసం చూస్తోంది.

బల్ల మీద రెండు గ్లాసులూ, ట్రే అలాగే ఉన్నాయి. అడుగున జాజికాయ పొడి ఎండి అంటుకుంది. ట్రే కోసం వచ్చినవాడు ట్రే వదిలి వెళ్ళడు. బల్లకి అటూ ఇటూ రెండు కుర్చీలు. ఒకటి సముద్రం వైపు తిరిగి ఉంది, డెరిక్ కుర్చీ అదే. రెండోది మెట్ల వైపు ఉంది, దాని మీద హిలరీ తువ్వాలు ఆరేసి ఉంది. తువ్వాలు చెదరలేదు. వచ్చిన మనిషిని కూర్చోమనలేదన్నమాట. అతను నిలబడే మాట్లాడాడు.

వరండా నుంచి బీచికి తొమ్మిది రాతి మెట్లు. కిందమెట్టు మీద మచ్చ. డాక్టరు మాటలు గుర్తొచ్చాయి. దెబ్బ ఒకటే. పడినప్పుడు మెట్టు తగిలిందా, ఎవరైనా కొట్టారా అన్నది చెప్పలేను. పడ్డాక కనీసం పావుగంట ప్రాణం ఉంది. అప్పుడే ఎవరైనా పిలిచి ఉంటే బతికేవాడేమో.

చూపు కిందికి దించినప్పుడు వెర్లిన్‌కి చీమలు కనబడ్డాయి.

వరండా అంచున రెండు చెక్కల సందులోకి ఒక బారు దిగుతోంది, ఒక బారు ఎక్కుతోంది. పంచ్ ఒలికి ఉంటే చీమలు బల్ల మీద ఉండాలి. వీటికి బల్లతో పనిలేదు. వెర్లిన్ మెట్లు దిగి, ఇసకలో మోకాళ్ళ మీద వంగి, టార్చి పట్టుకుని వరండా కిందికి చెయ్యి చాపింది.

గోధుమరంగు కాగితం పొట్లం. ఒక మూల చిరిగి, చీమలు పట్టి ఉంది. చుట్టూ నీలం దారం, పైన రెండు చెవుల ముడి. ఆ ముడి మీద మళ్ళీ ఒక ముడి.

విప్పకుండానే వెర్లిన్‌కి తెలిసిపోయింది. నారింజ తొక్క వాసన వేస్తోంది. లోపల నువ్వుల ఉండలు. బెల్లప్పాకంలో నారింజ తొక్క తురిమి వేసేది ఈ దీవిలో ఒక్క మనిషే. లెనాక్స్ భార్య ఊనా, వెర్లిన్ టాంటీ అని పిలిచే అత్త. ముడి మీద ముడి వేసేదీ ఆవిడే, దారిలో పిల్లలు విప్పుకుని తినకుండా. చిన్నప్పుడు వెర్లిన్ పళ్ళతో కొరికి విప్పిన ముళ్ళు ఎన్నో. పనికెళ్ళే మొగుడి సంచిలో రోజూ ఒక పొట్లం పెట్టేదీ, పనిబడి ఎవరి గడపకీ వట్టి చేతులతో వెళ్ళకూడదనేదీ ఊనానే.

ఆ ముసలాయన కొట్టడానికి రాలేదు. బతిమాలుకోవడానికి వచ్చాడు. వెర్లిన్ ఇసకలో అలాగే కూర్చుండిపోయింది. కళ్ళు మండాయి.

"ఇసకలో గూళ్ళు కడుతున్నారా, ఇన్‌స్పెక్టర్?"

మెట్ల పైన క్రాడక్. ఆమె లేచి, ఇసక దులుపుకుని, పొట్లం పట్టుకుని పైకొచ్చింది.

"లెనాక్స్ ఏడూ పదికి వెళ్ళలేదు మిస్టర్ క్రాడక్. ఏడూ పదికి వచ్చాడు."

"గుడ్‌నైట్ అన్నాడు కదా!"

"అన్నాడు. మా వాళ్ళు చీకటి పడ్డాక వస్తే ఏమంటారు? ఆరేళ్ళుగా ఇక్కడే తింటున్నారు, తాగుతున్నారు. ఎప్పుడూ వినలేదా?"

క్రాడక్ ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకున్నాడు. "ఊళ్ళో విన్నాను. ఇక్కడ కాదు. ఇక్కడ వచ్చేటప్పుడు గుడ్ ఈవెనింగ్, వెళ్ళేటప్పుడు గుడ్‌నైట్. అతిథులు గందరగోళపడుతున్నారని ఆ రూలు రాసింది నేనే. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసున్న లెనాక్స్ రూలు తప్పడు."

"డ్యూటీలో ఉంటే తప్పడు. ఆదివారం అతను ఎన్నింటికి దిగాడు?"

"ఎనిమిదింటికి. అందరూ ఎనిమిదికే దిగుతారు."

"అడిగి చూడండి."

అతను ధీమాగా నడుముకున్న వాకీటాకీ తీసి స్టాఫ్ గేటుని అడిగాడు. గరగరల మధ్య జవాబు ఇద్దరికీ వినబడింది. లెనాక్స్ క్వాషీ, ఆదివారం, ఆరూ యాభై ఐదు. ఒంట్లో బాగాలేదని చెప్పి ముందే హాజరు కార్డు కొట్టి డ్యూటీ దిగాడు. బట్టలు మార్చుకున్నాడు.

క్రాడక్ వాకీటాకీని మెల్లగా దించాడు.

"యూనిఫాం విప్పేసి వచ్చాడు" అంది వెర్లిన్. "వెయిటరుగా రాలేదు. మనిషి మరో మనిషి గడపకి వచ్చినట్టు వచ్చాడు. మీ రూలు లాకర్లో వదిలేసి, తన మాటలో పలకరించాడు. డెరిక్ రాసిన కార్డు మీ చేతికొచ్చిందా లేదా?"

"వారానికి నలభై కార్డులొస్తాయి."

"వచ్చిందా?"

"వచ్చింది. మేనేజరుకిచ్చాను. ఆదివారం మధ్యాహ్నం ఆయన లెనాక్స్‌ని పిలిచి నెలాఖరుతో పని మానెయ్యమన్నాడు. అది స్టాఫ్ వ్యవహారం, కేసుకి సంబంధం లేదనుకున్నా."

"మీకు వెయిటరు మనిషిగా కనబడితే కదా, సంబంధం కనబడటానికి!"

ఆ దెబ్బ తగిలింది. క్రాడక్ మొహం ఎండకి కాక వేరే కారణానికి ఎర్రబడింది. కానీ ఇరవై ఆరేళ్ళు పోలీసు పని ఊరికే చేయలేదు. ఎక్కడ తిప్పి కొట్టాలో తెలుసు.

"సరే, నేను గుడ్డివాణ్ణి. నాది ఈ ఊరు కాదు, ఈ మాటా కాదు. మీకేమైంది, ఇన్‌స్పెక్టర్? మీరు ఇక్కడే పుట్టారు. ఆ మాట రోజుకి పదిసార్లు అంటారు. నా కాగితం నాలుగు రోజులు మీ బల్ల మీదే ఉంది. లెనాక్స్ మీకేమవుతాడో నాకు తెలీదనుకున్నారా?"

అతను చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.

క్రాడక్ గొంతు తగ్గించాడు. ఆశ్చర్యంగా, అందులో జాలి కూడా ఉంది. "చూడండి. ఆ పొట్లం ఎవరూ చూడలేదు. గేటువాడికి ఎందుకడిగానో తెలీదు. మీరు సంతకం పెట్టండి, పొద్దున్న ఓడ వెళ్ళిపోతుంది. కర్టిస్‌కి మంచి లాయరుంటే ఎప్పటికో బయటికొస్తాడు. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ ఎప్పటికో ఉండదు."

అది దుర్మార్గపు మాటే. అయినా దాన్ని కాదనడానికి వెర్లిన్‌కి చాలాసేపు పట్టింది. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చున్న ఆరేళ్ళ పిల్ల ఒకతె లోపల ఒప్పుకో ఒప్పుకో అంటోంది. స్టేషను బెంచీ మీద జోస్లిన్ ఏమీ అనకుండా కూర్చుని ఉంది.

"పొట్లం నేను చూశాను" అంది చివరికి. "దారి వదలండి."

జీపులో కూర్చుని ముందు స్టేషనుకి ఫోను చేసింది. ఆలస్యం చేస్తే ధైర్యం చాలదని ఆమెకి తెలుసు.

"సార్జెంట్, కర్టిస్‌ని ఓడ ఎక్కించడం లేదు. జోస్లిన్ వెళ్ళిపోయిందా?"

"లేదు మేడమ్. డబ్బా కోసం చూస్తోంది."

"ఆమెకి చెప్పండి. రేపు పొద్దున్న మొగుడితో కలిసి ఇంటికెళ్ళొచ్చని చెప్పండి. తప్పు నాదేనని కూడా చెప్పండి."

*

కొండ మీద లెనాక్స్ ఇంటికి ఆమెకి కళ్ళు మూసుకున్నా దారి తెలుసు. జీపు గేటు బయటే ఆపింది. ముందుగది దీపం వెలుగుతోంది. తలుపు తీసే ఉంది.

గడపలో నిలబడింది. లోపలికెళ్ళాలంటే ఆ మాట అనాలి. చిన్నప్పటినుంచి ఈ గడపలో కొన్ని వేలసార్లు అన్న మాటే. ఇవాళ నోట్లోంచి రావడం లేదు. అనకుండా తిరిగి వెళ్ళిపోతే బాగుండునని ఒక్కసారి అనిపించింది, కానీ కాళ్ళు కదల్లేదు.

"గుడ్‌నైట్" అంది.

"గుడ్‌నైట్, గుడ్‌నైట్! వెర్లినేనా? రావే తల్లీ, సమయానికొచ్చావ్!" వంటింట్లోంచి ఊనా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లావుపాటి మనిషి, గొంతు ఆవిడకన్నా పెద్దది. "ఈ మనిషికి నువ్వైనా బుద్ధి చెప్పు. నాలుగు రోజులైంది. పొద్దు గుంకడం ఆలస్యం, చావులకి వేసుకెళ్ళే నల్ల సూటు వేసుకుని, బూట్లు తొడుక్కుని, ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఎవరు పోయారయ్యా అంటే పలకడు. పడుకునే వేళకి విప్పేస్తాడు. మతి పోయిందేమో, డాక్టరుకి చూపించాలా?"

గది మూల కుర్చీలో లెనాక్స్ ఉన్నాడు. నల్ల సూటు, తెల్ల చొక్కా, మెరిసే బూట్లు, ఒళ్ళో టోపీ. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. వెర్లిన్‌ని చూసి చిన్నగా తలాడించాడు.

"సోమవారమే వస్తావనుకున్నా, పిల్లా."

"రావాల్సింది అంకుల్."

"పిల్లోడొకడు వచ్చాడు. గుడ్‌నైట్ చెప్పావా అన్నాడు. చెప్పానన్నా. ఇంకా అడుగుతాడేమో అని కూర్చున్నా. పుస్తకం మూసేసి వెళ్ళిపోయాడు. నువ్వే వస్తావులే, నువ్వు అడిగితే చెప్దామనుకున్నా. ఆ సాయంత్రం నీ జీపులో కర్టిస్‌ని చూశా. రోడ్డు మీదకెళ్ళి చెయ్యి అడ్డం పెడితే చాలు, బండి ఆపేదానివి. నోరు రాలేదు. నీకు తెలిసే నన్ను వదిలేశావేమో అనుకున్నా. ఆ కుర్రాడు నేను ఉండాల్సిన చోట నాలుగు రోజులు కూర్చున్నాడే!"

"ఏం మాట్లాడుతున్నారు మీరిద్దరూ? కర్టిస్‌కీ ఈయనకీ ఏంటి సంబంధం?" అంది ఊనా.

వెర్లిన్ సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ఊనా తన ముడిని తను గుర్తుపట్టి, నోరు మూసుకుని, మెల్లగా గోడకి ఆనుకుంది.

లెనాక్స్ ఆ పొట్లం వైపే చూస్తూ చెప్పాడు. "ఇంకో కార్డు రాయమని అడగడానికెళ్ళా. చేతులు వణికినా ఎప్పుడూ చుక్క ఒలకలేదని రాస్తే చాలు. ఆయన నవ్వాడు. నాకసలు గుర్తేలేదు పోవయ్యా అన్నాడు. పొట్లం చేతిలో పెట్టబోతే తోసేశాడు. అటు తిరిగి మెట్లు దిగబోయాడు. వినండి సర్ అని భుజం పట్టుకున్నా. విదిలించుకున్నాడు, కాలు జారింది. పట్టుకుందామనే చూశా వెర్లిన్. దేవుడి సాక్షిగా పట్టుకున్నా. చేతులు నిలవలేదు."

"తర్వాత?"

"మూలుగుతున్నాడు. పిలవాలి. ఎవరినో ఒకరిని కేకెయ్యాలి. ముప్ఫై ఒక్కేళ్ళు ఎవరు దగ్గినా నీళ్ళు పట్టుకుని పరిగెత్తా. ఆ పూట ఇంటికి పరిగెత్తా." ఆయన ఒళ్ళోని టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "పడిపోవడం నా తప్పో కాదో దేవుడికి తెలుసు. పిలవకపోవడం నా తప్పే. రాసుకో."

వెర్లిన్ నోటుపుస్తకం తీయలేదు. ఏడుస్తూ రాయడం ఆమెకి చేతకాదు.

"స్టేషన్లో రాసుకుంటా అంకుల్. వెళ్దాం."

ఆయన లేచి, టోపీ పెట్టుకుని, సూటు సర్దుకున్నాడు. ఊనా పక్కనుంచి వెళ్తూ ఆగాడు. ఏదో అనాలని చూశాడు. క్రాడక్ రూలు ప్రకారం వెళ్ళేటప్పుడల్లా అతిథులకి చెప్పి చెప్పి నోటికి అలవాటైన మాట తప్ప ఇంకోటి దొరకలేదు.

"గుడ్‌నైట్, ఊనా."

నలభై మూడేళ్ళ కాపురంలో ఆ మాటని ఊనా ఆయన ఇంటికి వచ్చినప్పుడే విన్నది. పంచ్‌లో వేసే జాజికాయ వాసనతో, పని ముగించుకుని వచ్చినప్పుడు. ఆవిడ గోడ వదిలి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"అదేం మాటయ్యా?" అంది. "వెళ్ళేటప్పుడు ఆ మాట ఎవరైనా అంటారా?"